చెవితో చదివే న్యూస్‌గ్రూపులు

“గ్రేటర్ గ్రేటర్ గ్రేటర్...” లినక్స్ మీద న్యూస్‌గ్రూపు పోస్టును స్క్రీన్ రీడరుతో మొదటిసారి వినేవారి చెవిన ముందుగా పడేది ఇదే. ఒకరి మాటను ఇంకొకరు ఉటంకించేటప్పుడు ప్రతి వరస మొదట్లో చేరే బాణపు మొన గుర్తు పేరది. కన్ను దాన్ని అసలు చదవదు. పక్కన గీసిన గీతలా సరిపెట్టుకుని, పాత మాటల మీదుగా కొత్త మాట దగ్గరికి దూకేస్తుంది. చెవికి ఆ వెసులుబాటు లేదు. ముగ్గురు వాదించుకున్న పోస్టులో నలభై వరసలుంటే ఆ నలభై వరసలూ గుర్తులతో సహా వినాల్సిందే. అంతా విన్నాక అడుగున ‘అవును, నిజమే’ అన్న రెండు ముక్కల జవాబు తగిలితే ఒళ్లు మండదూ?

చూపులేనివారు లినక్స్‌లో న్యూస్‌గ్రూపులు చదవడానికి ఏ ప్రోగ్రామ్ మంచిదన్న ప్రశ్న ముప్పై ఏళ్లుగా నలుగుతూనే ఉంది. అడిగినవారికి దొరికే జవాబు మాత్రం ఎప్పుడూ ఒక పేరే. చెప్పేవారు ఏది వాడుతుంటే ఆ పేరు. ఇరవై ఏళ్లు ఒకే మీటలకు వేళ్లు అలవాటు పడినవారికి అదే ప్రపంచంలోకెల్లా తేలికైన ప్రోగ్రామ్ అనిపించడం సహజం. నేను చూపున్నవాణ్ణి. మానిటరు ఆపేసి, ఒక్కొక్క ప్రోగ్రామునే చెవితో నడిపి చూశాను. గంటసేపు తెర ఆర్పుకున్నంత మాత్రాన చూపులేనివారి అనుభవం నాకు వచ్చేసిందని అనను. అయినా ఒక సంగతి మాత్రం గట్టిగా తెలిసొచ్చింది. ఈ ప్రోగ్రాముల మంచిచెడ్డలు తేల్చేవి వాటి సౌకర్యాల జాబితాలు కావు. ‘నువ్విప్పుడు ఈ వరస మీద ఉన్నావు’ అని స్క్రీన్ రీడరుకు ఏది సూటిగా చెబుతుందో అదే మంచిది. తక్కిన సుగుణాలన్నీ దాని తర్వాతే.

న్యూస్‌గ్రూపులంటే ఏమిటో ఇప్పటి కుర్రకారుకు తెలియకపోవచ్చు. 1979లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ అనే విద్యార్థులు తలపెట్టి, మరుసటి ఏడాది జనంలోకి తెచ్చిన చర్చావ్యవస్థ యూజ్‌నెట్. అందులో విషయానికొక గది. ఆ గదులే న్యూస్‌గ్రూపులు. తానొక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నానని లినస్ టోర్వాల్డ్స్ 1991 ఆగస్టు 25న చెప్పుకున్నది కూడా అలాంటి గదిలోనే, మినిక్స్ వాడేవారి గ్రూపులో. లినక్స్‌కు ఇది పుట్టిల్లన్నమాట.

చూపులేనివారికి ఈ వ్యవస్థ ఎందుకు నచ్చిందంటే, ఒకటి, సరుకంతా ఒట్టి అక్షరాలు. బొమ్మలు, బొత్తాలు, మధ్యలో ఎగిరిపడే ప్రకటనలు ఉండవు. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. 1986లో రాసుకున్న ఎన్‌ఎన్‌టీపీ అనే ఒప్పందం సర్వరు నుంచి పోస్టును ఎలా అడగాలో, ఎలా తెచ్చుకోవాలో మాత్రమే చెబుతుంది. తెచ్చుకున్నదాన్ని ఎలా పరుచుకోవాలో చెప్పదు. వెబ్ పేజీలో వంటా వడ్డనా రెండూ అవతలివాడివే. ఇక్కడ వడ్డన మన చేతిలో ఉంటుంది. తెర మీద పరుచుకునేవారు తెర మీద పరుచుకుంటారు, చెవిలో వేసుకునేవారు చెవిలో, వేలికొసల కింద బ్రెయిల్ చుక్కలుగా కావాలనుకునేవారు అలా.

ఇంకా ఎవరున్నారు అక్కడ అనే సందేహం న్యాయమైనదే. యూజ్‌నెట్ పుట్టిన డ్యూక్ విశ్వవిద్యాలయమే 2010లో తన సర్వరును మూసేసింది. గూగుల్ గ్రూప్స్ 2024 ఫిబ్రవరి 22 నుంచి యూజ్‌నెట్‌తో తెగతెంపులు చేసుకుంది. విచిత్రమేమిటంటే, న్యూస్‌గ్రూపులు చదివే సొంత ప్రోగ్రామ్, అంటే న్యూస్‌రీడరు, ఉన్నవారికి దీనివల్ల పోయిందేమీ లేదు. దారి మూసుకుపోయింది బ్రౌజరులో చదివేవారికే. ఎటర్నల్ సెప్టెంబర్ లాంటి ఉచిత సర్వర్లలో ఖాతా తెరిస్తే అక్షరాల గ్రూపులన్నీ ఇవాళా అందుతాయి. పైగా లార్స్ మాగ్నె ఇంగెబ్రిగ్ట్‌సెన్ అనే నార్వే ప్రోగ్రామరు 2002లో మొదలుపెట్టిన జీమేన్, సాఫ్ట్‌వేరు ప్రాజెక్టుల ఈమెయిల్ చర్చలను న్యూస్‌గ్రూపుల రూపంలో అందిస్తుంది. ఆయనదే ఇంకో సర్వరు, గ్వీన్, వెబ్‌సైట్ల ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్లను కూడా అలాగే మార్చి ఇస్తుంది. వెబ్ పేజీల గజిబిజిలో చెవి తడుముకోకుండా రోజువారీ చదువంతా ఒకే పనిముట్టుతో నడిపించుకోవచ్చంటే, న్యూస్‌రీడరు నేర్చుకోవడానికి అది చాలదా?

న్యూస్‌రీడరు సంగతికి ముందు చెవి సంగతి చూడాలి. లినక్స్‌లో చూపులేనివారికి ముఖ్యంగా మూడు దారులున్నాయి. ఏ దారిన నడుస్తున్నారో తేలకుండా న్యూస్‌రీడరు పేరు చెప్పడం, పాదం కొలత అడగకుండా చెప్పులు చూపించడం లాంటిది.

మొదటి దారి ఒట్టి కన్సోలు, అంటే బొమ్మలు లేని అక్షరాల తెర. లినక్స్ మూలభాగమైన కెర్నెల్ లోపలే కూర్చుని పలికే స్పీకప్ అక్కడి స్క్రీన్ రీడరు. ఏళ్ల తరబడి బయట ప్యాచ్‌గా తిరిగి, 2010లో కెర్నెల్ వసారాలోకి వచ్చి, 2020లో 5.9 వెర్షన్‌తో లోపలి గదిలోకి చేరింది. అదే కన్సోలును బ్రెయిల్ యంత్రం మీద వేలికి అందించేది 1995 నాటి బీఆర్‌ఎల్‌టీటీవై. రెండో దారి గ్నోమ్ డెస్క్‌టాప్, దానితోపాటు వచ్చే స్క్రీన్ రీడరు ఆర్కా. సన్ మైక్రోసిస్టమ్స్‌లో మొదలై 2006లో గ్నోమ్ 2.16లో చేరింది. విండోస్‌లో పేరుపడ్డ స్క్రీన్ రీడరు జాస్ పేరు వింటే సొరచేప దవడలు గుర్తొస్తాయి కదా, దానికి పోటీగా వీళ్లు తిమింగిలపు జాతి పేరు పెట్టుకున్నారు. మూడోది ఈమ్యాక్స్‌పీక్. దీన్ని స్క్రీన్ రీడరు అనడం కూడా తప్పే. ఎందుకో దాని వంతు వచ్చినప్పుడు చెబుతాను.

కన్సోలు దారిలోనే చిక్కు ఎక్కువ, అందుకే రుచీ ఎక్కువ. కన్సోలు మీద మెనూలూ జాబితాలూ గీసే ప్రోగ్రాములు చాలావరకు కర్సెస్ తరహా లైబ్రరీల మీద ఆధారపడతాయి. నత్తనడక మోడెముల కాలంలో పుట్టిన ఈ లైబ్రరీలకు పొదుపు ఎక్కువ. తెరంతా మళ్లీ గీయవు. మారిన అక్షరాలు మాత్రమే పంపుతాయి. పై వరసలో ‘రామయ్య’ ఉండి, తెర జరిగాక అదే చోట ‘రాజయ్య’ రావాలనుకోండి. లైబ్రరీ పంపేది ఒక్క ‘జ’. తెరకు కొత్తగా వచ్చిన అక్షరాలను వచ్చినట్టే పలికే స్క్రీన్ రీడరు కూడా ‘జ’ అని ఊరుకుంటుంది. కంటికి పేరు పూర్తిగా కనబడుతూనే ఉంటుంది, చెవికి మాత్రం తెగిన ముక్క.

దీనికి తోడు రంగు పట్టీ గొడవ. జాబితాలో ఎక్కడున్నామో చూపడానికి చాలా ప్రోగ్రాములు ఆ వరసను తిరగేసిన రంగుల్లో వెలిగిస్తాయి. కిందికి బాణం మీట నొక్కితే పాత వరస ఆరి, కొత్త వరస వెలుగుతుంది. రెండు వరసలూ మళ్లీ గీసినట్టే కాబట్టి చెవిలో రెండూ పడతాయి, ఏది మనదో తెలియదు. ఆ సమయంలో అసలు కర్సరు ఎక్కడుందంటే, అందం చెడుతుందని తెర అడుగున ఒక మూలకు నెట్టేసి ఉంటారు. బ్రెయిల్ యంత్రం నడిచేది కర్సరు వెంటే. ఇంకేముంది, వేలు కూడా ఆ మూలకే పోయి కూర్చుంటుంది. స్పీకప్‌లో వెలిగిన వరసను వెంబడించే పద్ధతి ఒకటుంది, అది కొంత ఆదుకుంటుంది. అయినా ప్రోగ్రామే కర్సరును సరైన చోట పెడితే ఈ తంటాలేవీ ఉండవు.

ఈ గీటురాయి మీద ఒక్కొక్కదాన్నీ గీసి చూద్దాం.

1984లో లారీ వాల్ రాసిన ఆర్‌ఎన్ తాతల కాలం నాటిది. ఆ తర్వాత పెర్ల్ భాషతో పేరుపొందినది ఆయనే. చూపున్నవారు ఆర్‌ఎన్‌ను ఎప్పుడో అటకెక్కించారు. తెర ఆపేసి నడిపితే నాకు ముచ్చటేసింది. అది జాబితా పరిచి చూసుకోమనదు, అడుగుతుంది. ఫలానా గ్రూపులో చదవనివి ఇన్నున్నాయి, చదువుతావా అని ఒక ప్రశ్న, బదులుగా ఒక్క అక్షరం. మళ్లీ ఒక ప్రశ్న. మాట్లాడే మనిషితో వ్యవహారంలా ఉంటుంది. కాగితం మీద వరస తర్వాత వరస కొట్టే యంత్రాల అలవాటు ఇంకా పోని రోజుల్లో రాసిన పద్ధతి, చెవికి ఇంత చక్కగా అమరుతుందని ఆనాడు ఎవరూ అనుకుని ఉండరు. టాబ్ నొక్కితే ఉటంకింపును దాటుకుని దాని చివరికి పోయే సదుపాయం కూడా అందులో అప్పుడే ఉంది.

దానికి వేన్ డేవిసన్ చర్చల వరసక్రమం జోడించి టీఆర్‌ఎన్ చేశారు. ఎవరికి ఎవరు జవాబిచ్చారో చూపే చెట్టు బొమ్మను ప్రతి పోస్టు శీర్షం పక్కన, తెర కుడివైపు పైమూలలో గీస్తుంది. కంటికి ఎంత చక్కటి ఆలోచనో చెవికి అంత చేటు. వరస మొత్తం చదివే స్క్రీన్ రీడరు, పంపినవారి పేరు చెప్పి ఆ వెంటనే ‘బ్రాకెట్ వన్ బ్రాకెట్ డాష్ బ్రాకెట్’ అని అందుకుంటుంది. పేరెక్కడ ముగిసిందో చెట్టెక్కడ మొదలైందో తెలియదు. అయితే చెట్టు ఎన్ని వరసలు ఉండాలో సున్నా నుంచి 11 దాకా మనమే చెప్పుకోవచ్చు. సున్నా అని చెబితే చెట్టు మాయమవుతుంది, చర్చల క్రమం మాత్రం నిలుస్తుంది. ఈ ఒక్క మార్పుతో టీఆర్‌ఎన్ మళ్లీ వాడదగ్గదవుతుంది. అదే కాలపు ఎన్‌ఎన్ ప్రతి పోస్టు పక్కన ఒక అక్షరం పెట్టి, కావలసినవాటి అక్షరాలు నొక్కమంటుంది. ఆలోచన బాగుంది కానీ ఇప్పుడు కొత్తగా దాని జోలికి వెళ్లమని ఎవరికీ చెప్పను.

1991లో ఇయన్ లీ తెచ్చిన టిన్ ఇప్పటికీ కొత్త వెర్షన్లు చూస్తున్నది. మామూలుగా రంగు పట్టీతో వస్తుంది. దాని ఆప్షన్ల మెనూలో ‘పట్టీ బదులు బాణం గీయి’ అన్న అమరిక ఉంది. అది పెట్టుకోగానే వరస మొదట్లో బాణం గుర్తు కదులుతూ ఉంటుంది, బాణంలో రెండు మూడు అక్షరాలే కాబట్టి తెర మీద మార్పూ తక్కువ, చెవిలో రొదా తక్కువ. ప్రతి వరసకూ అంకె ఉండటం ఇంకో మేలు. ‘పదిహేడు’ అని విన్నవారు 17 కొడితే నేరుగా అక్కడికి పోతారు. పల్లెటూరి వీధిలో ఇంటి నంబరు చెప్పినంత తేలిక.

ఎస్‌ఎల్‌ఆర్‌ఎన్‌ది జాన్ డేవిస్ కష్టం. కన్సోలు దారిలో నా ఓటు దీనికే. ఇది కూడా బాణం గుర్తుతో నడుస్తుంది. టాబ్ ఉటంకింపును దాటిస్తుంది. పెద్ద టీ నొక్కితే ఉటంకించిన వరసలన్నీ దాక్కుంటాయి, మళ్లీ నొక్కితే వస్తాయి. తెర పైభాగంలో జాబితా, కింది భాగంలో పోస్టు ఉంచి రెండుగా చీల్చే అలవాటు దీనికుంది. తెరంతా చదవమంటే స్క్రీన్ రీడరు జాబితాతో మొదలుపెట్టి విసిగిస్తుంది. జడ్ మీట నొక్కితే పోస్టు తెరంతా పరుచుకుని ఆ బెడద వదులుతుంది. కొత్తవారికి ఈ ఒక్క మీట ముందుగా చెప్పాలి, చెప్పకపోవడం వల్లే చాలామంది మొదటి రోజే దండం పెట్టేస్తారేమో అనిపిస్తుంది.

ఎస్‌ఎల్‌ఆర్‌ఎన్‌లో నాకు బాగా నచ్చినది వరస రూపాన్ని మనమే రాసుకోగలగడం. కంటికి తేదీ, సైజు, పేరు, విషయం ఏ వరసలో ఉన్నా ఫరవాలేదు, ఒక్క చూపులో అన్నీ పడతాయి. చెవికి మొదటి మూడు మాటల్లో తేలిపోవాలి, ఇది వినాలా వద్దా అని. అందుకే విషయం ముందు, రాసినవారి పేరు తర్వాత, తక్కినవన్నీ తీసివేత. బ్రెయిల్ వాడేవారికి ఇది ఇంకా అవసరం. నలభై గడుల యంత్రం మీద 80 అక్షరాల తెర వరస రెండు ముక్కలవుతుంది. విషయం కుడివైపు ఉంటే ప్రతి వరసకూ ఒకసారి పక్కకు జరిపి, మళ్లీ వెనక్కి రావాలి. రోజుకు రెండు వందల శీర్షికలు చూసేవారికి ఈ జరపడమే సగం పని.

పనికిరాని వ్యక్తులనూ విషయాలనూ కిందికి నెట్టి, కావలసినవారిని పైకి తెచ్చే స్కోరు ఫైలు కూడా దీనిలో గట్టిది. చూపున్నవారికి అది విలాసం. వినేవారికి నిజంగా ఎంత పనికొస్తుందో లెక్క వేసి చూడండి. స్క్రీన్ రీడర్ల తరఫున మాటలు పలికే ఈస్పీక్ ప్రోగ్రాము మామూలు వేగం నిమిషానికి 175 మాటలు. అలవాటు పడినవారు 350, 400 దాకా పెంచుకుంటారు. అంత పెంచినా, శీర్షికల జాబితాను కన్నులా ఒక్క ఊపున తిప్పేయడం కుదరదు. వినకుండా వదిలేయగలిగిన ప్రతి పోస్టూ మిగిలిన సమయమే.

మట్ అనే ఈమెయిల్ ప్రోగ్రామ్ గురించి ఒక మాట. దాని అమరికల్లో ‘బ్రెయిల్ ఫ్రెండ్లీ’ అని పేరు పెట్టినదే ఒకటుంది. అది వేస్తే రంగు పట్టీ ఉన్నా సరే, కర్సరు వచ్చి ప్రస్తుత వరస మొదట్లో నిలబడుతుంది. ఎవరికోసమో, ఎందుకో ఇంత సూటిగా పేరులోనే చెప్పుకున్న అమరిక ఈ కుదురు ప్రోగ్రాముల్లో మరొకటి నా కంటపడలేదు. మట్‌కు న్యూస్‌గ్రూపుల సదుపాయం ప్యాచ్‌గా తిరిగేది, దాని నుంచి చీలిన నియోమట్‌లో లోపలే కలిపారు. పెద్ద టీ ఉటంకింపులను దాస్తుంది, పెద్ద ఎస్ వాటిని దాటిస్తుంది. ఇప్పటికే మట్‌లో ఉత్తరాలు చదువుకునేవారు ఇంకో ప్రోగ్రామ్ వెతకనక్కర్లేదు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయపు పైన్, దాని వారసుడు ఆల్పైన్‌ల విషయం కూడా ఇంతే. వాటిలో ‘షో కర్సర్’ అన్న అమరిక ఉంది. అది పెట్టకపోతే చెవికి చీకటి, పెడితే వెలుగు. తెర అడుగున మీటల పట్టిక ఎప్పుడూ ఉండటం కొత్తవారికి ధైర్యం. ఉత్తరాలతో పాటు రెండు మూడు గ్రూపులు చూసుకునేవారికి ఆల్పైన్ చాలు, రోజూ పది గ్రూపులు తిరగేసేవారికి చాలదు. లింక్స్ అనే అక్షరాల బ్రౌజరు కూడా న్యూస్‌గ్రూపులు తెరుస్తుంది. అవసరానికి అప్పు తెచ్చుకున్న గిన్నెలాంటిది, అంతకుమించి ఆశించకూడదు.

ఇక ఈమ్యాక్స్‌పీక్, గ్నస్‌ల జంట. టి.వి. రామన్ పుణెలో పుట్టారు, పద్నాలుగేళ్ల వయసులో చూపు పోయింది. ఐఐటీ బొంబాయిలో చదివి, గణిత సూత్రాలను వినిపించే వ్యవస్థ మీద 1994లో కార్నెల్ నుంచి డాక్టరేటు తీసుకున్నారు. ఆ మరుసటి ఏడే ఈమ్యాక్స్‌పీక్ విడుదల చేశారు. తక్కిన స్క్రీన్ రీడర్లు తెర మీద గీసినదాన్ని చూసి అర్థం ఊహించుకుంటాయి. ఈమ్యాక్స్‌పీక్ తెర వంక చూడనే చూడదు. ఈమ్యాక్స్ అనే ఎడిటరులో జరిగే ప్రతి పని లోపలికీ చొరబడి, ‘ఇది విషయం, ఇది పంపినవారి పేరు, ఇది ఉటంకింపు’ అని దగ్గరుండి తెలుసుకుని పలుకుతుంది. అందువల్ల ఉటంకింపు ఒక గొంతులో, అసలు మాట ఇంకో గొంతులో వినిపించగలదు. పోస్టు తెరుచుకుంటే ఒక చిన్న చప్పుడు, చదివినట్టు గుర్తు పెడితే ఇంకో చప్పుడు. వరస ఎంత లోపలికి జరిగిందో కూడా స్వరంతో చెప్పమనవచ్చు. కర్సెస్, రంగు పట్టీ, మూలన దాక్కున్న కర్సరు... పైన ఏకరువు పెట్టిన కష్టాలన్నీ ఇక్కడ అసలు పుట్టవు.

ఈమ్యాక్స్‌లో న్యూస్ చదివేది గ్నస్. మసనోబు ఉమేదా రాసిన పాత ప్రోగ్రామును తొంభైల నడుమ మళ్లీ మొదటి నుంచీ రాసినవారు, జీమేన్ పెట్టిన ఆ ఇంగెబ్రిగ్ట్‌సెనే. మనం ఏది చదువుతున్నామో, ఏది వదిలేస్తున్నామో గమనించి తనంతట తానే స్కోర్లు వేసుకునే తెలివి దానికుంది. ఉత్తరాలూ న్యూసూ ఆర్‌ఎస్‌ఎస్సూ అన్నిటినీ ఒకే తీరున చూపిస్తుంది. చెవికి ఇంతకంటే మంచి న్యూస్‌రీడరు లినక్స్‌లో లేదనే నా తీర్పు. అయితే దానికి ముందు ఈమ్యాక్స్ నేర్చుకోవాలి, ఈమ్యాక్స్ నేర్చుకోవడమంటే ఒక ఊరికి కాపురం మారడం. బజారు ఎక్కడో, బావి ఎక్కడో తెలియడానికే నెలలు పడుతుంది. వారానికోసారి ఒక గ్రూపు చూసేవారిని అక్కడికి తరలించడం అన్యాయం. ఉత్తరాలు, రాతపని, ప్రోగ్రామింగు అన్నీ ఈమ్యాక్స్‌లోనే చేసుకునేవారు మాత్రం ఇంకోదాని వంక చూడనక్కర్లేదు.

డెస్క్‌టాపు దారిలో తేల్చడం తేలిక, ఎందుకంటే ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఆర్కాతో కుదిరే న్యూస్‌రీడరు థండర్‌బర్డే. ఇక్కడ తెర బొమ్మను చూసి ఊహించడం ఉండదు, ప్రోగ్రామే తనలోని ప్రతి భాగం పేరూ స్థితీ ఆర్కాకు అందజేస్తుంది. ఎఫ్6తో ఒక గడి నుంచి ఇంకో గడికి, ఎన్ నొక్కితే చదవని తర్వాతి పోస్టుకి, టీ నొక్కితే తర్వాతి చర్చకి, కే నొక్కితే విసిగించే చర్చకు శాశ్వతంగా సెలవు. 2023లో వచ్చిన 115 వెర్షన్ జాబితాను కార్డులుగా కూడా చూపడం మొదలుపెట్టింది. వినేవారు పాత పట్టిక రూపంలోనే ఉంచుకుని, అక్కర్లేని నిలువు వరసలు తీసేసుకోవడం మేలు, పైన చెప్పిన మూడు మాటల సూత్రం ఇక్కడా వర్తిస్తుంది. ఎస్‌ఎల్‌ఆర్‌ఎన్ తరహా స్కోరింగు ఇందులో లేదు, వడపోత సూత్రాలతో సరిపెట్టుకోవాలి. పాన్ అనే ఇంకో ప్రోగ్రామ్ ఉంది, స్కోరింగు కూడా ఉన్నదే. కానీ దాని నేర్పంతా పెద్ద ఫైళ్ల ముక్కలు పోగుచేసి దించడంలో. మాటలు వినడానికి వచ్చినవారికి ఆ హంగంతా అడ్డమే.

ఇప్పుడు మొదట చెప్పిన గ్రేటర్ల గోలకు తిరిగి వస్తాను. జవాబు పైన రాయాలా, కింద రాయాలా అన్నది న్యూస్‌గ్రూపుల్లో తరతరాల తగవు. పాత మాట ముందు, దాని కింద జవాబు అన్నది పెద్దల మర్యాద. పైన రాసేవారిని మొరటువాళ్ల కింద జమకట్టేవారు. స్క్రీన్ రీడరుతో వినేవారిలో చాలామందికి మాత్రం పైన రాయడమే హాయి, ఎందుకంటే తెరవగానే కొత్త మాట వినబడుతుంది. ఇద్దరిదీ సగం న్యాయమే అనిపిస్తుంది నాకు. తప్పు కత్తిరించనివాళ్లది. జవాబిస్తున్న రెండు వరసలు మాత్రం ఉంచి మిగతావి తీసేస్తే పైన రాసినా కింద రాసినా చెవికి బాధ లేదు. ఎదుటివాళ్లు కత్తిరించరు కాబట్టి ఆ కత్తెర మన ప్రోగ్రాములోనే ఉండాలి. ఒక్క మీటతో ఉటంకింపును దాచే, దాటించే సదుపాయం లేని న్యూస్‌రీడరును, తక్కిన గుణాలు ఎన్ని ఉన్నా, నేను రెండో వరసలోనే కూర్చోబెడతాను.

రాయడం గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. కన్సోలు ప్రోగ్రాములు చాలావరకు రాసే పనిని మనకు ఇష్టమైన ఎడిటరుకు అప్పగిస్తాయి. అలవాటైన ఎడిటరు ఉంటే సగం భయం పోతుంది. నెట్ సరిగా లేని ఊళ్లో ఉన్నవారు లీఫ్‌నోడ్ అనే చిన్న సర్వరును సొంత యంత్రం మీదే పెట్టుకుంటే పోస్టులన్నీ ఒక్కసారి దించుకుని తీరిగ్గా వినొచ్చు.

తెలుగు సంగతి ఇంకా మిగిలి ఉంది. లినక్స్ కన్సోలు ఒకేసారి 512 ఆకారాలకు మించి చూపలేదు, గుణింతాలూ ఒత్తులూ పేర్చడం దానికి చేతకాదు. చూపులేనివారికి తెర మీద ఎలా కనబడితేనేం అనుకోవచ్చు. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, కన్సోలు తన జ్ఞాపకంలో అక్షరాన్ని దాచుకునేది కాదు, ఫాంటులో ఎన్నో ఆకారమో ఆ అంకెను దాచుకునేది. ఫాంటులో లేని అక్షరం వస్తే అన్నిటికీ ఒకటే గుర్తు. ‘అమ్మ’ అయినా ‘అప్పు’ అయినా బ్రెయిల్ ప్రోగ్రాముకు అందేది వరసగా అవే గుర్తులు. 2018లో 4.19 కెర్నెల్‌తో అసలు యూనికోడ్ అక్షరాలను చదువుకోవడానికి వేరే దారి తెరిచారు. ఆ పని చేసింది బీఆర్‌ఎల్‌టీటీవై బృందానికే చెందిన నికొలా పిత్రె. అవసరం ఉన్నవారే వచ్చి కెర్నెల్ తలుపు తెరుచుకున్నారు. భారతీ బ్రెయిల్ లిపిలో తెలుగును వేలికి అందించడానికి ఆ తలుపు తెరుచుకోవాల్సే వచ్చింది. డెస్క్‌టాపు మీద ఆర్కాకు ఈ ఇబ్బంది లేదు. ఈస్పీక్‌కు తెలుగు కూడా వచ్చు, యంత్రం గొంతే అయినా మాట పోల్చుకోవచ్చు.

న్యూస్‌గ్రూపుల్లో తెలుగు చాలావరకు యూనికోడ్‌కు ముందుది. విదేశాల్లోని తెలుగు విద్యార్థులూ ఉద్యోగులూ తొంభైల్లో సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు అనే గ్రూపులో సాహిత్యం నుంచి ఆవకాయ దాకా వాదించుకున్నారు. ‘స్కిట్’ అంటే ఆనాటివారు ఇప్పటికీ గుర్తుపడతారు. తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో రాయడానికి హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతి అక్కడ చెలామణి అయింది. అందులో హ్రస్వానికి చిన్న ఏ, దీర్ఘానికి పెద్ద ఏ. ‘ల’కు చిన్న ఎల్, ‘ళ’కు పెద్ద ఎల్. కల, కాల, కళ మూడింటికీ అవే నాలుగు అక్షరాలు, తేడా అంతా పెద్దచిన్నల్లోనే. ఇంగ్లిష్ గొంతు మూడింటినీ ‘కాలా’ అనేస్తుంది. పెద్ద అక్షరాలను చెప్పమని స్క్రీన్ రీడరును ఆదేశిస్తే, మాట నడుమ ‘క్యాప్’ అంటూ విరగ్గొట్టి ఒక్క పద్యాన్ని పది నిమిషాలు చదువుతుంది.

దీనికి విరుగుడు న్యూస్‌రీడర్లలోనే ఉంది. టిన్, ఎస్‌ఎల్‌ఆర్‌ఎన్, మట్, గ్నస్ అన్నిటిలోనూ నిలువు గీత మీట నొక్కితే తెరిచిన పోస్టును ఇంకో ప్రోగ్రాములోకి పారించవచ్చు. ఆర్‌టీఎస్‌ను యూనికోడ్ తెలుగులోకి మార్చే లెక్క కొత్తదేమీ కాదు, పద్మ, లేఖిని లాంటి పనిముట్లు ఏనాడో చేసి చూపించాయి. అలాంటి మార్పిడిని చిన్న స్క్రిప్టుగా రాసుకుని, దాని నుంచి వచ్చినదాన్ని నేరుగా ఈస్పీక్ తెలుగు గొంతుకు అప్పగిస్తే తెరతో పనే లేదు, కన్సోలు 512 ఆకారాల ఇరుకూ లేదు. ఆర్‌టీఎస్ అంతా ఒట్టి ఇంగ్లిష్ అక్షరాలే కాబట్టి ఎన్‌కోడింగ్ గొడవలు కూడా తక్కువ. మధ్యలో వచ్చే ఇంగ్లిష్ మాటలను కూడా అది తెలుగనుకుని వింత యాసలో పలుకుతుంది, ఆనాటివాళ్లు ఇంగ్లిష్ కలపకుండా రాసిందీ తక్కువే. ఆ మాటల జాబితా ఒకటి స్క్రిప్టులో చేర్చుకుంటూ పోవాలి. నా జాబితాలో మొదట చేరిన మాట ‘థ్యాంక్స్’.